దావా గెలిచినా ఖర్చులు పూర్తిగా రాలేదు, ఎందుకు?

కోనసీమవాసి:
ప్రామిసరీ నోటు మీద మా నాన్నగారు వేసిన దావా ఐదేళ్లకు డిక్రీ అయింది. నోటు మీద సంతకం తనది కాదని ప్రతివాది వాదించాడు, అది నిలవలేదు. తీర్పులో ఖర్చులతో సహా అని ఉన్నా, డిక్రీ చివరి పట్టికలో కోర్టు ఫీజు, కొంత వకీలు ఫీజు, చిల్లర పద్దులు మాత్రమే ఉన్నాయి. మేము వకీలుగారికి నిజంగా ఇచ్చినదానిలో పావు వంతు కూడా అందులో లేదు. మిగతాది రాబట్టుకోవచ్చా?

పాత ప్లీడరు:
సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ కింద ఖర్చులు ఎవరు భరించాలన్నది కోర్టు విచక్షణ. సాధారణంగా ఓడినవారే భరిస్తారు, అలా వద్దనుకుంటే న్యాయమూర్తి కారణాలు రాయాలి. ఎంత అన్న దగ్గర మాత్రం ఆ విచక్షణకు నిబంధనలు కళ్లెం వేస్తాయి. వకీలు ఫీజును మీరు ఇచ్చిన సొమ్మును బట్టి కాక, నిబంధనల్లోని ఫీజు పట్టిక ప్రకారం లెక్కగడతారు. ప్రయాణం, బస, వెచ్చించిన సమయం కూడా లెక్కలోకి రావాలని 2005లో సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2011లో సంజీవ్ కుమార్ జైన్ కేసులో ఢిల్లీ హైకోర్టు విధించిన 45 లక్షల పైచిలుకు ఖర్చులను అదే సుప్రీంకోర్టు, నిబంధనలు దాటి ఇవ్వరాదంటూ కొట్టివేసింది. నా దృష్టిలో లోపం న్యాయమూర్తులది కాదు, కాలంతో పాటు మారని పట్టికలది.

రికార్డు గది:
సంతకం తనది కాదన్న వాదన అబద్ధమని తెలిసే చేశాడని మీ వకీలుగారు అప్పుడే అభ్యంతరం చెప్పి ఉంటే 35ఏ సెక్షన్ కింద పరిహార ఖర్చులు అడిగే వీలుండేది. కానీ దాని గరిష్ఠ పరిమితి 3,000 రూపాయలే (ఒక్క వాయిదాకు వచ్చిపోయే ఖర్చు కూడా కొందరికి అంతకు మించుతుంది). 2015 వాణిజ్య కోర్టుల చట్టం కిందికి వచ్చే వాణిజ్య వివాదాల్లో ఆ పరిమితి లేదు. చేబదులు నోటుకు అది వర్తించదు. ప్రతివాది వాయిదాలతో కాలయాపన చేసినప్పుడే 35బీ కింద ఖర్చులు అడిగి ఉండాల్సింది, ఎందుకంటే అవి చెల్లించనిదే అతని వాదన ముందుకు సాగదు.

కోనసీమవాసి:
ఆ రెండూ అడగలేదు. ఇప్పుడేమైనా మిగిలిందా?

పాత ప్లీడరు:
డిక్రీ చివరి పట్టికను నోటీసు, సాక్షుల బత్తా, టైపింగ్ రసీదులతో సరిచూడండి. లెక్క తప్పో, పొరపాటున పద్దు జారిపోవడమో కనిపిస్తే 152వ సెక్షన్ కింద సవరణ కోరవచ్చు. డిక్రీలో ఉన్న ఖర్చులను అసలుతో కలిపి డిక్రీ అమలుకు వేసే ఎగ్జిక్యూషన్ పిటిషన్‌లోనే రాబట్టుకోండి. గడువు 12 ఏళ్లు.