హ్యాండ్ బ్రేకా, స్విచ్ బ్రేకా? నాన్నగారి కోసం కారు, సలహా చెప్పండి

వైజాగ్_వాలు

అందరికీ నమస్తే. మాది వైజాగ్, సింహాచలం వైపు ఇల్లు. ఇంటి ముందు రోడ్డే ఏటవాలు, కారు రోజూ ఆ వాలులోనే పెట్టాలి. నడిపేది నాన్నగారు, 66 ఏళ్లు. ఏడాది నుంచి ఎడమ భుజం పట్టేసి హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగలేకపోతున్నారు, పోయిన నెల సగం లాగి దిగిపోతే కారు మెల్లగా వెనక్కి జారింది, పక్కింటి అరుగు తగిలి ఆగింది కాబట్టి సరిపోయింది, ఆ టైమ్‌కి వెనకాల పిల్లలెవరూ లేరు. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టట్లేదు. ఇప్పుడు ఆటోమేటిక్ కొందామనుకుంటున్నాం. కింది వేరియంట్‌లో మామూలు హ్యాండ్ బ్రేక్, పై వేరియంట్‌లో స్విచ్‌తో పడే ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్. నాన్నగారేమో "చేత్తో లాగితే టిక్ టిక్‌మని పళ్లు పడటం తెలుస్తుందిరా, స్విచ్ నొక్కితే పట్టిందో లేదో ఎలా తెలుస్తుంది, బ్యాటరీ పోతే పరిస్థితేంటి" అంటున్నారు. అమెరికాలో కాలితో తొక్కే పార్కింగ్ బ్రేక్ కూడా ఉంటుందట కదా, అది ఇక్కడ దొరకదా?

బెజవాడ_గ్యారేజ్

మీ నాన్నగారు అడిగినవి కరెక్ట్ ప్రశ్నలే. హ్యాండ్ బ్రేక్‌లో ఉండేది ఒక కేబుల్, లాగితే వెనక చక్రాల డ్రమ్‌లో లైనర్లు విచ్చుకుని పట్టుకుంటాయి. కేబుల్ సాగితే ఇంతకుముందు ఆరు టిక్కులకి పట్టింది పదికి కూడా పట్టదు, మీ కారు జారింది ఒక్క భుజం వల్లే అనుకోకండి, కేబుల్ కూడా ఒకసారి టైట్ చేయించండి. స్విచ్ దాంట్లో ఇప్పుడు ఎక్కువగా వస్తున్నది ఏంటంటే వెనక కాలిపర్‌కే, అంటే ప్యాడ్లతో డిస్క్‌ని పట్టే భాగానికే, చిన్న మోటర్ ఉంటుంది, అది మర తిప్పి ప్యాడ్లని డిస్క్‌కి బిగిస్తుంది. బిగిశాక బ్యాటరీ తీసి పక్కన పెట్టినా వదలదు, మర దానంతటది వెనక్కి తిరగదు. డెడ్ బ్యాటరీతో వచ్చే ఇబ్బంది వేరు, బ్రేక్ విడిపించుకోలేం, జంప్ స్టార్ట్ ఇవ్వాల్సిందే. ఇంకో మాట, వెనక ప్యాడ్లు మార్చేటప్పుడు స్కానర్ పెట్టి సర్వీస్ మోడ్‌లోకి తీసుకెళ్లి మోటర్‌ని వెనక్కి రప్పించాలి, అది తెలీని చోట పిస్టన్‌ని బలవంతంగా నొక్కి మోటర్ పాడు చేసిన కార్లు మా దగ్గరికి వస్తుంటాయి. ఎక్కడ పడితే అక్కడ ఇవ్వకండి.

న్యూజెర్సీ_నాని

కాలి బ్రేక్ గురించి నేను చెప్తా, మాది పాత టయోటా సియెన్నా. ఎడమ పక్క చివర చిన్న పెడల్, ఒకసారి గట్టిగా తొక్కితే పడుతుంది, మళ్లీ తొక్కితే వదులుతుంది. ప్రియస్ పాత మోడల్స్‌లో కూడా ఇంతే. పాత బెంజ్‌లలో అయితే తొక్కడం కాలితో, వదలడం డాష్‌బోర్డ్ కింద పిడి లాగి. చేతికన్నా కాలికి బలం ఎక్కువ కాబట్టి మీ నాన్నగారి లాంటి వాళ్లకి నిజంగా సుఖమే, కాకపోతే క్లచ్ ఉన్న బండిలో అక్కడ ఇంకో పెడల్‌కి చోటు కష్టం, ఇండియాలో అందుకే పెద్దగా కనపడదు అని నా ఉద్దేశం. అలవాటు లేని వాళ్లకి వదలడం గుర్తుండదు, మా బావగారు ఎర్ర లైటు చూసుకోకుండా రెండు మైళ్లు అలాగే నడిపారు, ఇంటికొచ్చేసరికి వెనక చక్రాల దగ్గర కాలిన వాసన. కొత్త కార్లలో ఇక్కడ కూడా స్విచ్‌లే వస్తున్నాయి.

మైలురాయి_44

మా నాన్న ముప్పై ఏళ్లు లారీ తోలారు కాబట్టి నాకు ఈ టాపిక్ అంటే ఇష్టం. లారీలో అంతా తిరగేసి ఉంటుంది, స్ప్రింగ్ ఎప్పుడూ బ్రేక్‌ని బిగించడానికే చూస్తుంది, గాలి ప్రెజర్ దాన్ని ఆపి ఉంచుతుంది. గాలి లీకైందంటే బండి కదలదు.

అన్నా మీరు ఏ వేరియంట్ తీసుకున్నా ఒకటి మాత్రం నాన్నగారికి అలవాటు చేయండి. ఆటోమేటిక్‌లో చాలామంది ఆగగానే పి (పార్క్) లో పెట్టి బ్రేక్ మీద నుంచి కాలు తీసేస్తారు, అప్పుడు వాలులో కారు బరువంతా గేర్‌బాక్స్‌లో ఉండే చిన్న కొక్కెం మీద పడుతుంది, పొద్దున పి నుంచి తీస్తే టక్‌మని కొడుతుంది. వరస ఇదీ: మామూలు బ్రేక్ పెడల్ తొక్కి ఉంచి ఎన్ (న్యూట్రల్) లో పెట్టాలి, పార్కింగ్ బ్రేక్ వేయాలి, కాలు నెమ్మదిగా తీసి బరువు బ్రేక్ మీదికి రానివ్వాలి, ఆ తర్వాత మళ్లీ తొక్కి పి. ఆటో హోల్డ్ (ఆగాక కాలు తీసినా బ్రేక్‌ని పట్టి ఉంచే సదుపాయం) ఉంది కదా అని దాన్నే నమ్ముకుని దిగిపోకూడదు, అది సిగ్నల్ దగ్గర ఆగడానికి. ముందు చక్రాలు కూడా తిప్పి పెట్టండి, కారు ముక్కు కిందికి ఉంటే అంచు రాయి వైపు, పైకి ఉంటే రోడ్డు వైపు, జారినా చక్రం రాయికి ఆనుకుంటుంది. రాయి లేని చోట రెండు సందర్భాల్లోనూ రోడ్డు అంచు వైపే.

వైజాగ్_వాలు

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్లా, కారుని మా వాలులోనే ఆపించా. నాన్నగారు కిటికీ దించి, వేలితో స్విచ్ పైకి లాగారు, వెనక నుంచి గుర్ర్‌మని చిన్న చప్పుడు వచ్చి ఆగింది. మళ్లీ వదిలి మళ్లీ వేశారు, అలా నాలుగుసార్లు. తర్వాత దిగి వెనక చక్రం దగ్గర వంగి చూసి "చప్పుడు ఆగాకే కాలు తియ్యాలన్నమాట" అన్నారు. పై వేరియంట్ బుక్ చేస్తున్నాం. గ్యారేజ్ అన్నా, ప్యాడ్లు మార్చే రోజు బెజవాడ వచ్చేస్తాం. పాత కారుకి కేబుల్ ఈరోజే టైట్ చేయించా, అయిదు టిక్కులకే పట్టింది.