కచేరీ గ్రాండ్ పియానో: నాదం ఒకరిది, మన్నిక మరొకరిదా?

మంద్రం:
కచేరీ పియానోల్లో నాదానికి బోసెండోర్ఫర్ సంస్థ ఇంపీరియల్, మన్నికకు స్టైన్‌వే సంస్థ మోడల్ డి. ఇదీ నా తీర్పు. ఇంపీరియల్ పొడవు 290 సెంటీమీటర్లు, మీటలు మామూలు కంటే ఎక్కువ, 97. మంద్రస్థాయి చివర ఉన్న ఆ అదనపు మీటల తీగల జోలికి ఎవరూ పోకపోయినా, పెడల్ తొక్కి వాయిస్తే అవీ తోడుగా కంపిస్తాయి. 274 సెంటీమీటర్ల డి లో ఆ లోతు నాకు వినిపించదు. కానీ ఏళ్ల తరబడి రోజూ వేదికపై మోగాలంటే డి యే.

సుత్తి_ఫెల్టు:
మంద్రం గారూ, నేను ట్యూనర్‌ని. మీరు తీర్పు ఇస్తున్నది పియానో మీద కాదు, ఆ రోజు సుత్తుల మీద. తీగలను కొట్టీ కొట్టీ సుత్తులకు చుట్టిన ఉన్ని ఫెల్టు గట్టిపడితే ఏ పియానో అయినా రేకు మోగినట్టే ఉంటుంది. సూదులతో గుచ్చి మెత్తబరిస్తే అదే పియానో మళ్లీ గుండ్రంగా పలుకుతుంది. ఇక మన్నిక అంటారా, ఏ భాగానిది? సుమారు 20 టన్నుల తీగల లాగుడును మోసే పోత ఇనుప చట్రం తరాలు నిలుస్తుంది. సుత్తులు అరిగిపోవడానికే ఉన్నాయి.

మంద్రం:
మరి చెక్కకు విలువే లేదా? స్టైన్‌వే పక్కగోడ గట్టి మేపుల్ పొరలను వంచి అతికించినది. బోసెండోర్ఫర్ అక్కడా స్ప్రూస్ వాడుతుంది కాబట్టి పెట్టె కూడా పాడుతుంది. సుత్తులు మార్చినా ఆ తేడా పోదు కదా.

సుత్తి_ఫెల్టు:
పోదు, ఒప్పుకుంటాను. కానీ అది నాదంలో తేడా, ఆయుష్షులో కాదు. ఆయుష్షును తేల్చేది గదిలోని తేమ. ఒక హాలులో కచేరీ ఉన్న రోజే ఏసీ వేసేవారు. కొన్నేళ్లకే తీగల కంపనాన్ని పెద్దది చేసే చెక్క పలక, అంటే సౌండ్‌బోర్డు, పగిలింది; తీగలను బిగించే పిన్నులు వదులయ్యాయి. దాని మీద ఉన్న పేరు గొప్పదే.

పాత_శ్రోత:
పేరుతో మన్నిక రాదనడానికి టెఫ్లాన్ కథ చాలు. 1962లో న్యూయార్క్ స్టైన్‌వే మీటల యంత్రాంగంలో ఉన్ని గుడ్డ బుషింగుల (కదిలే కీళ్లలోని చిన్న తొడుగుల) బదులు టెఫ్లాన్ అనే జారుడు ప్లాస్టిక్‌వి పెట్టింది. తేమకు చుట్టూ ఉన్న చెక్క ఉబ్బి, తగ్గుతుంది; టెఫ్లాన్ మాత్రం కదలదు. దాంతో టిక్కుటిక్కుమనే చప్పుళ్లు. 1980ల మొదట్లో మళ్లీ గుడ్డకే వచ్చారు. ఇంకో మాట: వయొలిన్‌లా పియానో కూడా ఏళ్లు గడిచేకొద్దీ మెరుగవుతుందనుకోవద్దు. తీగల ఒత్తిడికి సౌండ్‌బోర్డుకు ఉండే స్వల్ప ఉబ్బెత్తు వంపు అణిగిపోతే తారస్థాయి స్వరాలు పలికి వెంటనే ఆరిపోతాయి.

మంద్రం:
అప్పుడు సౌండ్‌బోర్డే మార్చేస్తారు కదా. మరి అది పాత పియానోయేనా?

సుత్తి_ఫెల్టు:
చట్రం, పక్కగోడ పాతవే అయితే నా లెక్కలో అదే పియానో. నాదం అదే ఉంటుందని మాత్రం హామీ ఇవ్వను. మీ అదనపు తీగల గురించి కూడా వాదించను, నాకూ ఇష్టమే.

పాత_శ్రోత:
308 సెంటీమీటర్ల ఫాజియోలిని ఎవరూ తలవలేదేం?

సుత్తి_ఫెల్టు:
1981లో పుట్టిన సంస్థండీ. నాదం గురించి ఇప్పుడే మాట్లాడుకుందాం, నూరేళ్ల మన్నిక సంగతి మన మనవలకు వదిలేద్దాం.