సెట్టులో జనం నిండగానే తడబడుతున్న వైర్‌లెస్ లైట్లు

ప్రశ్న (సహాయ ఛాయాగ్రాహకుడు):
పెద్దలకు నమస్కారం. హైదరాబాద్ శివారులో ఒక ఫ్లోరులో వేసిన పెళ్లి మండపం సెట్టుకు 24 ఎల్‌ఈడీ ట్యూబులు, 6 ప్యానెళ్లు కట్టాం. ఐప్యాడ్‌లోని యాప్ నుంచి సిగ్నల్ వైఫై మీదుగా ట్రాన్స్‌మిటరుకు, అక్కడి నుంచి సీఆర్‌ఎమ్‌ఎక్స్ అనే వైర్‌లెస్ రేడియో పద్ధతి ద్వారా లైట్లకు వెళ్తుంది. రిహార్సల్ సవ్యంగా జరిగింది. సుమారు 150 మంది జూనియర్ ఆర్టిస్టులు వచ్చి కూర్చున్నాక మాత్రం, 8 సెకన్ల ఫేడ్ (వెలుగును మెల్లగా తగ్గించడం) మధ్యలో లైట్లన్నీ ఒకేసారి క్షణకాలం నిలిచిపోయి, ఆ వెంటనే ఒక్క దూకులో కిందికి పడిపోయాయి. ఫేడ్ చివర వెలుగు మెట్లుమెట్లుగా తగ్గడం కూడా మానిటరులో స్పష్టంగా కనిపించింది. నాలుగు టేకులు పోయాయి. ట్రాన్స్‌మిటరు మార్చాలా?

జవాబు (గాఫర్, అంటే లైటింగ్ బృందం పెద్ద):
మార్చకండి. లైట్లన్నీ ఒకేసారి ఆగాయని మీరే రాశారు. రేడియో సిగ్నల్ బలహీనపడితే సాధారణంగా దూరంగా ఉన్నవో, మనుషుల చాటున ఉన్నవో ముందు తడబడతాయి. మీ మార్గంలో గాలిలో రెండు అంచెలున్నాయి. సీఆర్‌ఎమ్‌ఎక్స్ వైఫై కూడా వాడే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే పనిచేసినా, రద్దీగా ఉన్న పౌనఃపున్యాలను గుర్తించి వాటిని తప్పించుకుంటూ గెంతుతుంది. ఐప్యాడ్ వైఫైకి ఆ నేర్పు లేదు. ఆ పట్టీలో ఒకదానిపై ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మూడే, వాటిని 150 మంది ఫోన్లతో పంచుకోవాలి. ఈసారి లైట్లు ఆగినప్పుడు రిసీవరు మీది లింక్ దీపాన్ని (ట్రాన్స్‌మిటరు సిగ్నల్ అందుతోందని చూపేది) చూడండి. అది నిలకడగా వెలుగుతూ ఉంటే లోపం మొదటి అంచెలోనే ఉన్నట్టు. ఐప్యాడ్‌ను ఈథర్‌నెట్ కేబులుతో ట్రాన్స్‌మిటరుకు కలపండి.

జవాబు (లైటింగ్ ప్రోగ్రామర్):
మెట్ల సంగతి వేరు, దానికీ వైర్‌లెస్‌కీ సంబంధం లేదు. లైట్లకు ఆదేశాలు పంపే డీఎమ్‌ఎక్స్ పద్ధతిలో ఒక ఛానెల్‌కు 0 నుంచి 255 వరకు 256 విలువలే ఉంటాయి; చివరి 10 శాతం వెలుగుకు వాటిలో దక్కేవి సుమారు 25. విలువ 2 నుంచి 1కి దిగడమంటే ఉన్న వెలుగులో సగం పోవడమే కనుక, లైటులోనే మృదువుగా దించే ఏర్పాటు లేకపోతే కెమెరా దాన్ని పట్టేస్తుంది. లైట్లను 16 బిట్ మోడ్‌లో పెడితే 65,536 విలువలు వస్తాయి, కానీ వెలుగు, రంగు వంటి ఒక్కో గుణానికి రెండు ఛానెళ్లు ఖర్చవుతాయి. ఒక యూనివర్సులో (డీఎమ్‌ఎక్స్ ఛానెళ్ల ఒక కట్టలో) ఉండేవి 512 ఛానెళ్లే. ట్యూబును 16 పిక్సెళ్లుగా (విడివిడిగా వెలిగే ముక్కలుగా) విడదీసి ఒక్కోదానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు నడిపితే ఒక్కో ట్యూబుకు 48 ఛానెళ్లు పోతాయి, అంటే పది ట్యూబులకే యూనివర్సు దాదాపు నిండుతుంది. మండపానికి పిక్సెళ్ల పని లేకపోతే వాటిని వదిలేసి, ఆ చోటును 16 బిట్ డిమ్మింగుకు వాడండి.

జవాబు (గాఫర్):
ఇంకొక మాట. ట్రాన్స్‌మిటరును మానిటరు బల్ల మీద ఉంచకుండా, మనుషుల తలలకు పైన స్టాండుకు కట్టండి. నీరు నిండిన మనిషి ఒళ్లు ఈ తరంగాలను పీల్చేస్తుంది. సిగ్నల్ తెగితే లైటు ఆరిపోకుండా, చివరి విలువను పట్టి ఉంచేలా ప్రతి లైటు మెనూలో అమర్చండి.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలండీ. ఈ ఉదయం చూస్తే లింక్ దీపం ఒక్కసారి కూడా మిణకలేదు. కేబులు కలిపాక, జనం నిండి ఉన్నా ఫేడ్ ఆగలేదు. 16 బిట్‌కు మార్చాలంటే ప్యాచ్ (ఏ లైటుకు ఏ ఛానెళ్లో చెప్పే జాబితా) మొత్తం మళ్లీ రాయాలి కనుక, ఆ పని రాత్రి ప్యాకప్ తర్వాత పెట్టుకున్నాం.