జలాశయం నిండిన తరువాత అడవి పక్షుల సంగతి ఏమిటి?

ప్రశ్న:
ఉష్ణమండల అడవుల్లో జలవిద్యుత్ ఆనకట్టలు కట్టడం వల్ల పక్షులకు మేలే జరుగుతుందని ఒక చర్చలో విన్నాను. కొత్త జలాశయాల్లో నీటికాకులు, కొంగలు చేరడం కంటికి కనిపించేదే కనుక ఆ మాటను కొట్టిపారేయలేకపోతున్నాను. అడవి మునిగినా అక్కడి పక్షులు ఎగిరి పక్క అడవికి వెళ్లిపోతాయి కదా, రెక్కలున్న జీవికి నీరు అడ్డమవుతుందా? తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:
అడ్డమవుతుంది. పనామాలో ఛాగ్రెస్ నదికి అడ్డుకట్ట వేయడంతో 1910లలో ఏర్పడిన గాటూన్ సరస్సు మీద పరిశోధకులు అడవి పక్షులను పడవలో తీసుకెళ్లి, ఒడ్డుకు వేర్వేరు దూరాల్లో వదిలి చూశారు. 2008లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం కొన్ని జాతులు సులువుగా ఒడ్డు చేరగా, మరికొన్ని 100 మీటర్లు కూడా దాటలేకపోయాయి. పైగా అలా దాటలేని జాతులే ఆ సరస్సులోని దీవుల నుంచి ఎక్కువగా కనుమరుగైనట్టు తేలింది. అడవి అడుగున, చీకటి పొదల్లో, కొమ్మ నుంచి కొమ్మకు మాత్రమే ఎగిరే పురుగుతిండి పక్షులకు ఎండలో మెరిసే నీటి మైదానం గోడతో సమానం.

అదే సరస్సులో కొండశిఖరం దీవిగా మిగిలిన బారో కొలరాడో సుమారు 1,500 హెక్టార్ల రక్షిత అడవి అయినప్పటికీ, దశాబ్దాల కాలంలో 60కి పైగా పక్షిజాతులను కోల్పోయింది. వాటిలో కొన్ని చిట్టడవి ముదిరినందువల్ల వెళ్లిపోయిన పొదల పక్షులని కూడా చెప్పాలి, లెక్కంతా నీటి మీదకు నెట్టడం న్యాయం కాదు.

బ్రెజిల్‌లో ఉవాటుమా నదిపై 1987లో మూసిన బాల్బినా ఆనకట్ట ఇంకా పెద్ద ఉదాహరణ. 250 మెగావాట్ల స్థాపిత సామర్థ్యం కోసం రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి మునిగి, 3,500కు పైగా దీవులు ఏర్పడ్డాయి. దండుగా కదిలే చీమలను వెంబడించి, వాటికి బెదిరి బయటపడే పురుగులను తినే పక్షులకు విశాలమైన అడవి కావాలి. చిన్న దీవిలో చీమల దండే నిలవదు కనుక ఆ పక్షులూ నిలవవు.

రెండో సమాధానం:
పై సమాధానం జలాశయం దగ్గరే ఆగింది. నా దృష్టిలో ఆనకట్టకు దిగువన జరిగేది అంతకంటే తక్కువ గుర్తింపు పొందిన నష్టం. ఉష్ణమండల నదుల్లో నీరు తగ్గిన నెలల్లో బయటపడే ఇసుక తిన్నెలపై స్కిమ్మర్లు, టెర్న్‌లు అనే నీటిపక్షులు నేల మీదే గుడ్లు పెడతాయి. విద్యుత్ గిరాకీని బట్టి వేళకాని వేళ నీరు వదిలితే ఆ గూళ్లు కొట్టుకుపోతాయి. దీనికి విరుద్ధమైన చిక్కు మొజాంబిక్‌లోని జాంబెజీ డెల్టాలో ఉంది: వాటిల్డ్ క్రేన్లు అనే సారస జాతి పక్షులు వరద తీస్తున్న గడ్డిమైదానాల్లో, లోతు తక్కువ నీటి మధ్య గూడు కడతాయి, అయితే 1974లో కాహోరా బస్సా ఆనకట్ట వచ్చాక ఆ ఏటేటి వరద క్రమమే దెబ్బతింది. ఒకచోట అకాలపు నీరు చేటు, మరోచోట రావలసిన నీరు రాకపోవడం చేటు.

మూడో సమాధానం:
నీటికాకుల విషయం అడిగారు కనుక ఒక మాట. నీట మునిగి ఎండిపోయిన చెట్లు నిలబడి ఉన్నంతకాలం వాటిపై నీటికాకులు వాలుతాయి, తొర్రల్లో గూడు పెట్టే పక్షులూ చేరతాయి. చెట్లు కుళ్లి కూలాక ఆ వసతి పోతుంది. కాబట్టి మొదటి కొన్నేళ్ల లెక్కను చూపి మేలు జరిగిందనడం తొందరపాటు. జలాశయానికి వచ్చేవి సాధారణంగా విస్తృత ప్రాంతాల్లో బతకగల జాతులు, పోయేవి ఆ అడవికే పరిమితమైనవి; రెండింటినీ ఒకే మొత్తంగా కూడితే నష్టం అంకెలో కనిపించదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. పెద్ద జలాశయం లేకుండా, నది ప్రవాహంతోనే నడిచే కేంద్రాలైతే ఈ బాధ ఉండదా?

రెండో సమాధానం ఇచ్చినవారు:
ముంపు తగ్గుతుంది, అంతే. బ్రెజిల్‌లోని షింగూ నదిపై 2016లో ఉత్పత్తి ప్రారంభించిన బెలో మోంటే అలాంటిదే, కానీ అక్కడ నీటిని కాలువ ద్వారా మళ్లించడంతో సుమారు 100 కిలోమీటర్ల నది వంపులో ప్రవాహం బాగా తగ్గింది. ఏటా వరదకు మునగవలసిన అడవి మునగకపోతే అక్కడి చెట్ల పండ్లు, చేపలు, వాటిపై ఆధారపడిన పక్షులు అన్నీ దెబ్బతింటాయి. ఏ కేంద్రం గురించైనా ఎంత భూమి మునిగిందనే దానితో పాటు, ఏ నెలలో ఎంత నీరు వదులుతున్నారో కూడా అడగండి.