విజయనగరంలో స్కాండినేవియన్ స్టైల్ ఇల్లు... చేయించొచ్చా, అనవసర ఖర్చా?

కంటోన్మెంట్ కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. పాత పెంకుటిల్లు తీసేసి కొత్తగా కట్టుకున్నాం, కింద అమ్మానాన్న, పైన మేము. పైన రెండు బెడ్రూములు, హాలు, వంటగది, ఇంటీరియర్ పని ఇంకా మొదలవలేదు. మా ఆవిడకి ఇన్‌స్టాలో చూసీ చూసీ స్కాండినేవియన్ స్టైల్ (స్వీడన్, డెన్మార్క్ లాంటి ఉత్తర యూరప్ దేశాల పద్ధతి) మీద మనసు పడింది. తెల్లగోడలు, లేత రంగు చెక్క, సన్నకాళ్ల సోఫా, మూలన కుండీలో ఒక మొక్క, అంతే, గదిలో ఇంకేమీ కనపడకూడదు. వైజాగ్ నుంచి ఒక డిజైనర్ వచ్చి కొలతలు తీసుకుని ఏడున్నర లక్షలకి కొటేషన్ పంపించాడు. వార్డ్‌రోబులు, టీవీ యూనిట్, మంచాలు అన్నీ ఎండీఎఫ్ మీద ఓక్ రంగు లామినేట్, గోడలన్నీ తెలుపు, హాల్లో ఫాల్స్ సీలింగ్, దాన్నిండా లైట్లు. నాన్నగారు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి "ఏడున్నర లక్షలు పోసి ఇల్లు ఖాళీగా ఉంచుకోవడమేట్రా" అని ఊరుకున్నారు.

నా ప్రశ్నేంటంటే, మన ఎండకీ దుమ్ముకీ వర్షాకాలం చెమ్మకీ ఇది అసలు ఆగుతుందా? పాతింటి టేకు దూలాలు, రెండు వాకిళ్ల తలుపులు పెరట్లో టార్పాలిన్ కింద పడున్నాయి, వాటితో ఏమైనా చేయించొచ్చా, లేక అమ్మేయడమే మంచిదా? ఇంకోటి, దీనికి సంబంధం ఉందో లేదో మీరే చెప్పండి, పలాసలో మా బావ జీడిపప్పు వ్యాపారం చేస్తాడు, కొత్త ప్యాకెట్ కూడా "అలాగే సింపుల్‌గా, ఫారిన్ లుక్‌లో" కావాలని నా మీద పడ్డాడు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

నాగావళి గట్టు:

నేను కొన్నేళ్లు డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పనిచేసి ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటున్నాను కాబట్టి రెండు చోట్ల వెలుతురూ తెలుసు. ముందు ఆ తెలుపు సంగతి తేల్చుకోండి. అక్కడ డిసెంబర్‌లో ఉదయం ఎనిమిదిన్నర దాటితే గానీ సూర్యుడు రాడు, సాయంత్రం నాలుగు కొట్టకముందే వెళ్లిపోతాడు. ఆ కాస్త వెలుతురు కిటికీలోంచి వచ్చి గది చివరిదాకా పాకాలని గోడలకి తెల్ల రంగు, కింద లేత చెక్క. మనకి ఉన్న బాధ దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. పడమటి కిటికీ ఎదురుగా పాలలాంటి తెల్లగోడ పెట్టుకుంటే ఏప్రిల్‌లో మూడు గంటలకి ఆ హాల్లో కళ్లు చికిలించుకుని కూర్చోవాలి. కొంచెం పసుపో మట్టి రంగో కలిసిన తెలుపు వేయించండి, పడమటి గోడకి ఇంకా ముదురు రంగు వేసినా నష్టం లేదు.

అసలు ఆ దేశాలన్నీ తెల్లగా ఉంటాయన్నదే ఇన్‌స్టా పుణ్యం. స్వీడన్‌లో సుండ్‌బోర్న్ అనే ఊళ్లో చిత్రకారుడు కార్ల్ లార్సన్ ఇల్లుంది, వాళ్ల ఇంటి సంప్రదాయానికి మూలం అని అందరూ చెప్పుకునే ఇల్లు, లోపలంతా ఎరుపూ ఆకుపచ్చా. స్టాక్‌హోమ్‌లో స్వెన్స్క్‌ట్ టెన్ అని 1924 నాటి కొట్టు ఉంది, దానికి జోసెఫ్ ఫ్రాంక్ అనే డిజైనర్ గీసిన బట్టల నిండా తీగలూ పళ్లూ పిట్టలే. ఫిన్లాండ్ బట్టల కంపెనీ మారిమెక్కో వాళ్ల పెద్ద పెద్ద పూల గుడ్డ 1964ది, ఇప్పటికీ అమ్ముడుపోతోంది. మీ ఆవిడకి ఇవి చూపించండి, పొందూరు చీర రంగులు ఇంట్లోకి తెచ్చుకోవచ్చని ధైర్యం వస్తుంది.

నన్నడిగితే వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది దీపం. డెన్మార్క్‌లో పౌల్ హెన్నింగ్సెన్ అనే దీపాల డిజైనర్ 1920ల నుంచి జీవితమంతా ఒకటే పట్టుకుని కూర్చున్నాడు, బల్బు కంటికి కనపడకూడదు, వెలుతురు మాత్రం బల్ల మీద పడాలి అని. 1958లో ఆయన చేసిన పీహెచ్ 5 దీపం కింద నుంచున్నా పక్కన కూర్చున్నా బల్బు కనపడదు, ఒకదాని కింద ఒకటి పళ్లేలు అడ్డం ఉంటాయి. మన ఫాల్స్ సీలింగులు చూడండి, పదహారు లైట్లు సూటిగా కళ్లలోకే. పైగా అన్నీ తెల్లటివి, 6500 కెల్విన్‌వి (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపుగా ఉంటుంది). మీ కొటేషన్‌లో మొట్టమొదట కొట్టేయాల్సింది ఆ సీలింగే. డైనింగ్ టేబుల్ మీదకి కిందికి వేలాడే దీపం ఒకటి, కుర్చీ పక్కన ఒకటి, 3000 కెల్విన్ పసుపు వెలుతురువి పెట్టుకోండి. ట్యూబ్‌లైట్ మాత్రం ఒకటి ఉంచండి, పిల్లల చదువులకీ, అమ్మగారు బియ్యంలో రాళ్లు ఏరుకోవడానికీ.

చిత్రికపని:

బావూ, ముందు ఆ దూలాలు అమ్మకండి. నాకు శ్రీకాకుళంలో చిన్న వడ్రంగం షెడ్డు ఉంది, పాత టేకు కోసం మేము ఊళ్లు తిరుగుతాం, మీరు టార్పాలిన్ కప్పి పడేశారు.

ఎండీఎఫ్ గురించి. అది చెక్క పీచుని జిగురుతో కలిపి నొక్కి చేసిన బోర్డు. పొడిగా ఉన్నంతకాలం నున్నగా బాగుంటుంది, పెయింట్‌కి దానంత మంచిది లేదు. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఆరాక మళ్లీ మామూలు అవదు. మన ఇళ్లలో రోజూ తడిగుడ్డ పెడతాం, వార్డ్‌రోబు అడుగు నేలకి ఆనించి కూర్చోబెడితే రెండు వర్షాకాలాల్లో కింద అంచు పువ్వులా విచ్చుకుంటుంది. వంటగదికీ బాత్రూమ్ గోడని ఆనుకున్న వాటికీ బీడబ్ల్యూపీ ప్లై (మరిగే నీళ్లకీ ఆగే ప్లైవుడ్) పెట్టించుకోండి, షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో మీరే చూసుకోండి. మిగతా చోట్ల ఐఎస్ 303 ముద్ర ఉన్న బీడబ్ల్యూఆర్ ప్లై (నీళ్లకి కొంతవరకు ఆగేది) చాలు. షట్టర్లు (అలమరా తలుపులు) మాత్రం ఎండీఎఫ్ మీద పెయింట్ అంటే ఒప్పుకుంటాను. ఏది పెట్టినా కాళ్ల మీద నిలబెట్టండి, చీపురూ తడిగుడ్డా కిందికి పోయేంత ఎత్తు. ఆ దేశాల ఫర్నిచర్‌లో మనకి బాగా పనికొచ్చేది ఆ కాళ్లే. హైడ్రాలిక్ బాక్సు మంచాలు నేనూ చేసి అమ్ముతాను గానీ మా ఇంట్లో పెట్టుకోను, కింద బొద్దింకలో చెదలో మూత ఎత్తిన రోజు తప్ప తెలీదు.

ఇక టేకు. లేత చెక్క అయితేనే స్కాండినేవియన్ అని మీ డిజైనర్ చెప్పి ఉంటాడు. డెన్మార్క్‌లో 1950లూ 60ల్లో చేసిన ఫర్నిచర్ చాలావరకు టేకే, మన ఆసియా అడవుల నుంచి ఓడల్లో వెళ్లింది, వార్నిష్ కొట్టకుండా ఉత్త నూనె పట్టించేవాళ్లు. మీ పెరట్లో పడున్నది అదే జాతి చెక్క. పైన నల్లగా బూడిద రంగులో ఉంటుంది, చిత్రిక ఒక్క వరస లాగితే లోపల తేనె రంగు, ఆ నూనె వాసన షెడ్డంతా కమ్ముతుంది. ఇన్నేళ్లు ఎండింది కాబట్టి వంకర పోదు. కొత్త టేకు కొంటే చేవ (లోపలి గట్టి చెక్క) తక్కువ, తెల్లచెక్క ఎక్కువ, ఆ తెల్లచెక్కని చెదలు వదలవు. ఒక్క జాగ్రత్త, సామిల్లుకి పంపే ముందు దూలాల్లో మేకులన్నీ పీకించండి. లోపల విరిగిపోయినవి ఉంటే అయస్కాంతం పెట్టి వెతకాలి, రంపం పళ్లు పోతే మిల్లువాడు మీ మీదే వేస్తాడు, వాడి తప్పూ లేదు.

దూలాల నుంచి డైనింగ్ టేబుల్ కాళ్లూ చట్రం, నాలుగు కుర్చీలు తేలికగా వస్తాయి. తలుపు చెక్కలు టేబుల్ పైపలకకి. కుర్చీలకి కుషన్ వద్దు, అల్లిక వేయించండి. డెన్మార్క్ డిజైనర్ హాన్స్ వెగ్నర్ 1949లో గీసిన విష్‌బోన్ కుర్చీకి కూర్చునేచోట 120 మీటర్ల కాగితపు తాడు చేత్తో అల్లుతారు, ఇవాళ్టికీ అలాగే. మన దగ్గర ఆ తాడు దొరకదు, దొరికినా మన చెమటకి ఎన్నాళ్లుంటుందో. నవారు వేయించండి. డెన్మార్క్‌లో పుట్టిన యెన్స్ రీసమ్ అమెరికాలో యుద్ధం రోజుల్లో, సైన్యం పనికిరాదని పడేసిన పారాచూట్ పట్టీలతోనే కుర్చీలు అల్లి అమ్మాడు, మన నవారు మంచం అల్లిక ఎలా ఉంటుందో అదీ అలాగే ఉంటుంది. గాలాడుతుంది, మాసిపోతే విప్పి ఉతుక్కోవచ్చు.

కూలి మాట ముందే చెప్తున్నా, సన్నకాళ్ల కుర్చీ చేయడం లావుకాళ్లదాని కంటే కష్టం. కుసురు (అతుకు రంధ్రంలో దూర్చే చెక్క కొన) కాస్త వదులైనా ఏడాదిలో ఊగుతుంది. మేస్త్రీ చేత ముందు ఒక్క కుర్చీ చేయించి, ఇంట్లో బాగా బరువున్న బాబాయిని కూర్చోబెట్టి చూసి, తర్వాత మిగతావి చెప్పండి.

గజపతినగరం అక్క:

తమ్ముడూ, అన్నీ మగవాళ్లే చెప్తున్నారు, ఆ ఇల్లు తుడిచేది ఎవరు? ఓపెన్ షెల్ఫులు పెట్టకండి. మెయిన్ రోడ్డు పక్క ఇల్లయితే పొద్దున తుడిచిన షెల్ఫు మీద సాయంత్రానికి వేలు పెట్టి పేరు రాసుకోవచ్చు. గది ఖాళీగా కనపడాలంటే సామానంతా దాక్కోవడానికి చోటు కావాలి కదా, ఆ ఫోటోల్లో వాళ్లకి బట్టలు ఆరేసే తాడు ఎక్కడుందో, ఆవకాయ జాడీలు ఎక్కడ పెడతారో ఎప్పుడైనా కనపడిందా? పండక్కి పదిమంది వస్తే పరుపులు ఎక్కడి నుంచి తీస్తారు? హాల్లో ఒక గోడ మొత్తం కింద నుంచి పైదాకా తలుపులున్న అలమరా పెట్టించి, దానికి గోడ రంగే వేయించండి. మేము అదే చేశాం, అందులో ఇస్త్రీ బల్ల నుంచి సిలిండర్ దాకా అన్నీ ఉన్నాయి, హాలు మాత్రం ఖాళీగా, నీట్‌గా ఉంటుంది. మా అత్తగారి ఇత్తడి బిందె, శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసింది, ఒక్కటే బయట పెట్టాను, చూసినవాళ్లంతా ఎక్కడ కొన్నావంటారు.

నాన్నగారికి ఒక చేతుల కుర్చీ, కాస్త ఎత్తుగా, విడిగా చేయించండి. ఆ నేలబారు సోఫాల్లోంచి మోకాళ్ల నొప్పులవాళ్లు లేవలేరు. ఆయన పైకి రావడం మానేస్తే మీ డిజైన్ గురించి మీ నాన్న అన్నదే నిజమవుతుంది.

రంగూ అచ్చూ:

జీడిపప్పు ప్యాకెట్ గురించి నేను చెప్తాను, లేబుళ్లూ కవర్లూ డిజైన్ చేయడమే నా పని. "ఫారిన్ లుక్" అన్న మాట వినగానే నాకు హాగెన్‌డాజ్ గుర్తొస్తుంది. పేరు చూసి డెన్మార్క్ ఐస్‌క్రీమ్ అనుకుంటారు జనం, అది 1960 ప్రాంతంలో న్యూయార్క్‌లో మాట్టస్ దంపతులు కల్పించి పెట్టుకున్న పేరు. వాళ్లకి పనిచేసింది నిజమే. కానీ పలాస జీడిపప్పుకి పలాస అన్న పేరే పెద్ద ఆస్తి, దాన్ని చిన్న అక్షరాల్లో మూలకి తోసి పైన ఏదో స్కాండినేవియన్ పేరు పెడితే మీ బావ చేజేతులా నష్టపోతాడు.

ఆ దేశాల బ్రాండింగ్‌లో తీసుకోదగ్గది క్రమశిక్షణ. ఒకే అక్షర రూపం, ఒకటో రెండో రంగులు, చెప్పాల్సింది ముందు చెప్పడం. స్వీడన్ ఫర్నిచర్ కంపెనీ ఐకియా వాళ్లు 2019లో తమ అక్షరాలన్నీ నోటో అనే ఫాంట్‌లోకి మార్చుకున్నారు, ఎక్కువ భాషలకి ఒకే కుటుంబం అక్షరాలు దొరుకుతాయని. ఆ నోటోలో తెలుగు కూడా ఉంది, ఉచితం. హెడ్డింగ్‌కి కాస్త నిండుగా కావాలంటే మండలి, రామభద్ర అనే ఫాంట్లు చూడండి, అవీ ఉచితమే. సన్నగీత తెలుగు ఫాంట్ మాత్రం వద్దు. స్క్రీన్ మీద ముచ్చటగా ఉంటుంది, ప్లాస్టిక్ కవరు మీద అచ్చయ్యేసరికి తలకట్లు పోయి సగం అక్షరాలు గుర్తుపట్టలేం. వరసల మధ్య చోటు ఇంగ్లీష్‌కి వదిలినంత చాలదు, కింద వత్తులు పైన గుడులు ఒకదానికొకటి గుద్దుకుంటాయి. చాలామంది డిజైనర్లు ఇంగ్లీష్ లేఅవుట్ చేసేసి అందులో తెలుగు ఇరికిస్తారు, అక్కడే ప్యాకెట్ చెడుతుంది.

జీడిపప్పు కొనేవాడు చూసేది గింజ సైజు, విరిగిందా లేదా, తెలుపు. కాబట్టి కవరుకి కిటికీ తప్పనిసరి. ముందువైపు ఊరి పేరు, గ్రేడు, బరువు, ఈ మూడే పెద్దగా. డబ్ల్యూ 320 అని రాస్తే మామూలు జనానికి అర్థం కాదు, పౌనుకి, అంటే 454 గ్రాములకి, 300 నుంచి 320 పప్పులు తూగే సైజని పక్కనే ఒక్క వాక్యం రాయండి, దాంతోనే నమ్మకం కుదురుతుంది. పచ్చచుక్క, ఫుడ్ లైసెన్సు నంబరు, ఎమ్మార్పీ, తేదీ లాంటివి చివర్లో ఇరికించకుండా వాటికి చోటు మొదటే గీసుకోవాలి. రంగు ఒక్కటే చాలు, మామూలు బంగారు రంగు కాకుండా జీడిపండు ఎరుపు వాడితే బాగుంటుంది. ఒక్క మాట, పెళ్లిళ్లకి కిలోల లెక్కన కొనేవాళ్ల కోసం పాత డబ్బా అలాగే ఉంచమనండి, వాళ్లు పాత రంగు చూసే గుర్తుపడతారు.

కంటోన్మెంట్ కుర్రాడు:

అందరికీ థాంక్స్ అండీ, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. అక్కా, మీ రిప్లై మా ఆవిడకి చదివి వినిపించాను, గోడంతా అలమరా అనగానే ఒప్పేసుకుంది. సీలింగ్ తీసేయమని డిజైనర్‌కి చెప్తే కొటేషన్‌లో మిగతా రేట్లు పెంచుతానంటున్నాడు, అది వేరే గొడవ. నాన్నగారేమో దూలాలతో కుర్చీలు అనేసరికి నిన్న టార్పాలిన్ తీసి తనే మేకులు పీకడం మొదలుపెట్టారు. చిత్రికపని గారూ, రెండు దూలాలు టేకు కాదు గుగ్గిలం అంటున్నారాయన, బరువుగా ఎర్రగా ఉన్నాయి. అవి కూడా కుర్చీలకి పనికొస్తాయా?

చిత్రికపని:

గుగ్గిలం కుర్చీలకి వద్దు బావూ, బరువు, ఎండకి చీలుతుంది, ఉలి కూడా సరిగా దిగదు. గేటుకో పెరట్లో బల్లకో వాడండి. గుమ్మాలింకా బిగించకపోతే వాటికి దాన్ని మించింది లేదు. ఫోటోలు పెట్టండి, అడ్డంగా కోసిన వైపు దగ్గర నుంచి తీయండి, ఏది టేకో చూసి చెప్తాను. మేకులు పీకేటప్పుడు నాన్నగారిని చేతికి గ్లౌజులు వేసుకోమనండి, అన్నీ తుప్పు పట్టినవే ఉంటాయి.