పొద్దున కాలు కింద పెడితే మడమలో పోటు, ఎక్స్‌రేలో ఎముక పెరిగిందన్నారు

చిత్రావతి (అనంతపురం):
మా అమ్మకు 51 ఏళ్లు. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది, పొద్దున్నుంచి ఒంటిగంట దాకా నిలబడే పని. మూడు నెలలుగా కుడి మడమ లోపలివైపు పోటు. నిద్ర లేచి తొలి అడుగు వేస్తే ప్రాణం పోయినట్టుంటుందంట. నాలుగడుగులు నడిస్తే సర్దుకుంటుంది, సాయంత్రానికి మళ్లీ లాగుతుంది. ఎక్స్‌రే తీసి మడమ ఎముక ముల్లులాగా పెరిగిందన్నారు, ఇంజెక్షన్ వేయించుకోమన్నారు. షుగర్ ఉంది, మాత్రలు వాడుతోంది. ఇల్లంతా తాడిపత్రి బండలే, వట్టికాళ్లతోనే తిరుగుతుంది. ఆ ఎముక తీసేయించాలా? ఇంట్లో చేసుకునేవి ఉంటే వివరంగా చెప్పండి.

ఫిజియో (కర్నూలు):
ఆ ఎముక గురించి దిగులు వద్దమ్మా. నొప్పే లేనివాళ్ల ఎక్స్‌రేల్లోనూ ఆ ముల్లు కనిపిస్తుంది, నొప్పి తగ్గిపోయినవాళ్లలోనూ అది అట్లనే ఉంటుంది. మీరు చెప్పిన లక్షణాలు ప్లాంటార్ ఫాసియైటిస్‌వి. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక మందపాటి పట్టీ ఉంటుంది. పాదం వంపును నిలబెట్టేది అదే. గంటల తరబడి నిలబడి దాని మీద ఓర్చుకోగలిగినదానికి మించి లాగుడు పడితే, మడమకు అతుక్కున్నచోట పోగులు దెబ్బతింటాయి. నిద్రలో పాదం కిందికి వాలి ఉంటుంది కాబట్టి పట్టీ బిగుసుకుంటుంది. లేవగానే ఒంటి బరువంతా పడేసరికి ఆ దెబ్బతిన్నచోటే గుంజుతుంది.

అందుకే మంచం దిగకముందే చేయాల్సిన పని ఒకటుంది. కూర్చుని కుడికాలు ఎడమ మోకాలి మీద వేసుకోవాలి. కుడిచేత్తో వేళ్లను మొదళ్ల దగ్గర పట్టుకుని ముంగాలి వైపు వెనక్కి వంచాలి. ఎడమచేత్తో అరికాలి వంపును తడిమితే పట్టీ తీగలాగా బిగిసి తగలాలి. తగలకపోతే సరిగ్గా వంచనట్టే. 10 సెకన్లు పట్టి వదలాలి, ఇట్లా 10 సార్లు, రోజుకు మూడు పూటలు. చాలామంది వేళ్ల కొసలే వంచుతారు, లేదా బాత్రూముకు పోయొచ్చాక తీరిగ్గా చేస్తారు. తొలి అడుగుకు ముందు చేసేదే అన్నిటికన్నా ముఖ్యం. వంట దగ్గర కాసేపు కూర్చుని లేచే ముందు కూడా చేయమనండి.

పిక్క బిగుసుకున్నా పాదం మీద భారం పెరుగుతుంది. గోడకు చేతులానించి కుడికాలు వెనక్కి పెట్టి, మోకాలు చాచి, మడమ నేల వదలకుండా ముందుకు వాలాలి. 30 సెకన్లు, మూడుసార్లు. తర్వాత అదే మోకాలు కొంచెం వంచి మళ్లీ మూడుసార్లు.

ఇక బలం పెంచే వ్యాయామం. డెన్మార్క్ పరిశోధకులు 2014లో వెలువరించిన పద్ధతి ఇది. చిన్న తువ్వాలు చుట్టి మెట్టు అంచున పెట్టి, వేళ్లు దాని మీద పైకి వంగి ఉండేట్టు నిలబడాలి. మడమ మెట్టు బయట ఉండాలి. 3 సెకన్లలో పైకి లేచి, 2 సెకన్లు ఆగి, 3 సెకన్లలో కిందికి దిగాలి. 12 చొప్పున మూడు విడతలు, రోజు మార్చి రోజు. రెండు వారాల తర్వాత వీపున సంచిలో బరువు వేసుకుని 10 చొప్పున నాలుగు విడతలు, ఇంకో రెండు వారాలకు బరువు పెంచి 8 చొప్పున ఐదు. వాళ్లు ఒంటికాలి మీద చేయించారు. అమ్మగారు మాత్రం గోడ పట్టుకుని రెండు కాళ్లతో మొదలుపెట్టాలి. ఒట్టి సాగదీతతో పోలిస్తే ఇది చేసినవాళ్లకు మూడు నెలలకు ఎక్కువ తగ్గింది. ఏడాదికి మాత్రం రెండు జట్లూ సమానమే. కాబట్టి మెట్టు వ్యాయామం కుదరకపోయినా నష్టం లేదు, సాగదీత మానకుంటే చాలు.

బేతంచెర్ల బండ:
కడప బండైనా తాడిపత్రి బండైనా కాలి కింద ఇసుమంత కూడా దిగదు. ఇంట్లో వేసుకోవడానికి విడిగా ఒక జత చెప్పులు పెట్టేయండి, బయటివి లోపలికి తేనక్కర్లేదు. కొనేటప్పుడు చెప్పును రెండు చేతుల్తో వంచండి. వేళ్ల దగ్గర వంగాలి, నడుమ మడత పడితే వద్దు. మడమ భాగం ఒకటి రెండు సెంటీమీటర్లు ఎత్తుగా, నొక్కితే దిగి మళ్లీ లేచేట్టు ఉండాలి. వెనక పట్టీ ఉన్నవి మేలు, లేకుంటే జారిపోకుండా వేళ్లు బిగబడుతూ నడవాలి. అరిగి ఒకపక్కకు ఒరిగిన హవాయి చెప్పులు పారేయండి. మందుల షాపుల్లో దొరికే సిలికాన్ మడమ మెత్తలు నొప్పి ఒక కాలికే ఉన్నా రెండింటికీ వేయాలి. పొయ్యి దగ్గర గోనెసంచి పరిస్తే జారుతుంది, మందపాటి రబ్బరు పట్టా వేయించండి.

చిత్రావతి (అనంతపురం):
చాలా సంతోషం అన్నా. పక్కింటామె వేడి ఇటుక మీద జిల్లేడాకు వేసి కాపమంటోంది. చేయొచ్చా? ఇంజెక్షన్ వద్దా మరి?

గండికోట:
షుగర్ ఉన్నవాళ్లకు ఇటుక కాపు వద్దే వద్దు తల్లీ. స్పర్శ తగ్గి ఉంటే కాలుతున్నా తెలియదు, ఆ బొబ్బ పుండయితే మానడం కష్టం. జిల్లేడు పాలు కంట్లో పడితే ఇంకో ప్రమాదం. ఐస్ కూడా అంతే, పాదంలో స్పర్శ బాగుందని డాక్టరు చూసి చెప్పాకే. అప్పుడైనా నీళ్ల బాటిల్ గడ్డకట్టించి, పలచటి గుడ్డ చుట్టి, దాని మీద అరికాలు పది నిమిషాలు దొర్లించాలి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు బాగానే ఉపశమనం ఇస్తుంది. కానీ కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. మడమ కింది కొవ్వు మెత్త పలచబడే ప్రమాదం, అరుదుగా పట్టీయే తెగే ప్రమాదం ఉన్నాయి. వ్యాయామం, చెప్పులు రెండూ మూడు నెలలు నిష్ఠగా చేసి చూశాక దాని సంగతి డాక్టరుతో మాట్లాడండి. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు సొంతంగా కొనొద్దు, షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు మంచిది కాదు.

మడమను రెండు పక్కల నుంచి పిసికితే నొప్పి ఉన్నా, పడుకున్నా తగ్గకపోయినా, అరికాలు మంటెక్కి తిమ్మిరి పట్టినా, జ్వరమో వాపో ఉన్నా, టప్పుమని శబ్దమై కమిలినా ఆలస్యం చేయకుండా చూపించాలి. ఎముకలో సన్నటి చీలిక, నరం నొక్కుకోవడం లాంటివి కూడా ఇట్లనే మొదలవుతాయి.

ఫిజియో (కర్నూలు):
ఒక్క మాట కలుపుతా. వారం చేసి తగ్గలేదని వదిలేయకండి, దీనికి నెలలు పడుతుంది. వారానికోసారి తొలి అడుగు నొప్పి పదికి ఎంతో రాసిపెట్టుకోమనండి. రోజూ చూస్తే తేడా తెలియదు. మెట్టు వ్యాయామంలో కొంచెం నొప్పి ఉంటే పర్వాలేదు. మరుసటి పొద్దున ముందుకన్నా ఎక్కువైతే మాత్రం విడతల్లో ఒకటి తగ్గించండి. రెండు కాళ్లతో 12 చొప్పున మూడు విడతలు తేలిగ్గా వస్తున్నప్పుడే ఒంటికాలికి మారాలి.