రెండు యాంటీబయాటిక్స్ కలిపితే బలం రెట్టింపవుతుందా?

ఉండి రైతుబిడ్డ:
మా అమ్మకు మూత్రంలో మంట, చలిజ్వరం. రాత్రిపూట మందుల షాపుకు వెళ్తే రెండు రకాల బిళ్లలు ఇచ్చారు. కత్తెరతో స్ట్రిప్పు కోసేయడంతో ఒకదాని మీద పేరు సగమే మిగిలింది, డాక్టరు చీటీ ఉంటేనే వాడాలని చెప్పే ఎర్ర గీత మాత్రం కనిపిస్తోంది. కూడబలుక్కుని చదివితే ఒకటి సిప్రోఫ్లోక్సాసిన్, రెండోది డాక్సీసైక్లిన్. "ఒకదానికి తప్పించుకున్నా రెండోదానికి దొరుకుతుంది" అన్నారు. నాలుగు రోజులైనా జ్వరం దిగలేదు. భీమవరంలో డాక్టరుగారు రెండూ ఆపించి, మూత్రాన్ని కల్చర్‌కు (క్రిమిని పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్షకు) పంపి, ఒకే ఒక ఇంజెక్షన్ మందు మొదలుపెట్టారు. మొండి బ్యాక్టీరియాకు రెండు మందులు కలిపి వేయడం మంచిదా, కాదా? తెలిసినవారు చెప్పండి.

పాలకొల్లు ఫార్మసిస్టు:
కలపడమే మంచిదని నా అభిప్రాయం. క్షయనే చూడండి. 1940ల చివర్లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు రోగులు ముందు కోలుకుని, కొన్ని నెలలకే మందు పనిచేయక మళ్లీ మంచం పట్టారు. దానికి పీఏఎస్ అనే ఇంకో క్షయ మందు జోడించాకే పరిస్థితి మారింది. ఇప్పుడు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ నాలుగూ కలిపే మొదలుపెడతారు. ఒక మందును తట్టుకునే క్రిమి కోటికి ఒకటి పుడుతుందనుకుంటే, రెండింటినీ తట్టుకునేది కోటి కోట్లకు ఒకటి. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

కాకినాడ మైక్రోబయాలజీ:
ఫార్మసిస్టుగారూ, ఆ నాలుగు మందులు ఏళ్ల తరబడి పరీక్షించి కుదిర్చిన జట్టు. చేతికందిన రెండు స్ట్రిప్పులకు ఆ గౌరవం ఇవ్వకండి. పైగా మీ లెక్క, రోగంలోని క్రిమి రెండు మందులకూ లొంగేదైతేనే నిలబడుతుంది. అప్పటికే ఒకదానికి మొండికేసి ఉంటే మిగిలింది ఒక్క మందే.

1951లో లెపర్, డౌలింగ్ అనే ఇద్దరు వైద్యులు ప్రకటించిన ఫలితం చెబుతాను. న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల మెదడు పొరల వాపు వచ్చిన రోగుల్లో పెన్సిలిన్ ఒక్కటే తీసుకున్నవారిలో 30 శాతం మంది చనిపోయారు. పెన్సిలిన్‌తో పాటు ఆరియోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ కూడా ఇచ్చిన 14 మందిలో 11 మంది చనిపోయారు. రెండు మందులూ మంచివే. కానీ పెన్సిలిన్ చంపేది పెరుగుతూ, గోడ కట్టుకుంటున్న క్రిమిని. ఆరియోమైసిన్ ప్రొటీన్ల తయారీని ఆపి ఆ పెరుగుదలనే నిలిపేస్తుంది. దాంతో పెన్సిలిన్‌కు చేయడానికి పని లేకుండా పోయింది. ఈ ఆరియోమైసిన్ ఎక్కడిదో తెలుసా? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనకు నాయకత్వం వహించిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో డగ్గర్ అనే శాస్త్రవేత్త కనుగొన్నది. ఎందరి ప్రాణాలో నిలబెట్టిన మందు అది. జత కుదరకపోతే అంతటి మందు కూడా అడ్డం పడింది.

అదే పెన్సిలిన్‌ను గుండె కవాటాల్లో చేరిన ఎంటెరోకాకస్ అనే క్రిమి మీద జెంటామైసిన్ అనే మందుతో కలిపితే కథ తిరగబడుతుంది. జెంటామైసిన్ ఒక్కటే అయితే ఆ క్రిమి లోపలికి సరిగా చేరలేదు. పెన్సిలిన్ గోడను బలహీనం చేశాక లోపలికి దూరిపోతుంది. విడివిడిగా చంపలేనివి కలిసి చంపుతాయి.

ఆకివీడు రొయ్యల రైతు:
మా చెరువుల సంగతి కూడా చెప్పుకోవాలి. రొయ్యలకు వచ్చే తెల్లమచ్చ రోగం వైరస్ వల్ల వస్తుంది, దానికి ఏ యాంటీబయాటిక్ వేసినా ఉపయోగం లేదు. అయినా ఒక ఏడాది నాకు మందులమ్మే మనిషి రెండు రకాల పొడులు మేతలో కలపమని ఇచ్చాడు. కలిపాను. చెక్ ట్రేలో మేత అలాగే మిగిలిపోయింది, మూడో రోజుకు గట్టు వెంబడి రొయ్యలు తేలాయి. ఆ నీళ్లు డ్రెయిన్‌లోకే వదిలాం. అందులో ఏ క్రిములు ఏ మందుకు అలవాటు పడ్డాయో అని ఈరోజుకీ బాధపడుతుంటాను.

రాజమండ్రి పరిశోధక విద్యార్థి:
రైతుబిడ్డగారూ, మీ అమ్మగారికి ఇచ్చిన జత గురించే ఈ-కోలి అనే బ్యాక్టీరియా మీద ప్రయోగాలున్నాయి. సిప్రో డీఎన్ఏ పనిని దెబ్బతీసినప్పుడు ఆ కణం రైబోజోములను (ప్రొటీన్లు తయారుచేసే యంత్రాలను) అవసరానికి మించి తయారుచేస్తూ తనను తానే దెబ్బతీసుకుంటుంది. డాక్సీ ఆ తయారీని తగ్గించి క్రిమికి మేలు చేస్తుంది.

అయితే 2007లో హార్వర్డ్ పరిశోధకులు ఇదే జతతో ఇంకొకటి చూపించారు. డాక్సీకి లొంగని క్రిమికి డాక్సీ వల్ల దక్కే ఆ రక్షణ కూడా ఉండదు, కాబట్టి సిప్రోకు అదే ముందు బలవుతుంది. అంటే ఒకదానికొకటి అడ్డుపడే జత, నిరోధకత, అంటే మందుకు లొంగని గుణం, పెరగకుండా ఆపగలదు. గట్టిగా కలిసి చంపే జతలో మాత్రం ఒక మందును తప్పించుకున్న క్రిమికి రెండోదాని ఒత్తిడి కూడా తగ్గి లాభం ఎక్కువవుతుంది. అందుకే ఈ చర్చ ఇంకా తేలలేదంటాను.

కాకినాడ మైక్రోబయాలజీ:
అది ప్రయోగశాల మాట. జ్వరంతో పడుకున్న మనిషికి క్రిమిని నెమ్మదిగా చంపే జతను ఇవ్వమని నేను చెప్పలేను.

పాలకొల్లు ఫార్మసిస్టు:
1951 సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ ఏ మందుకూ లొంగని వాటి మాటేమిటి? ఐసీయూల్లో రెండేసి ఇస్తున్నారు కదా!

కాకినాడ మైక్రోబయాలజీ:
ఇస్తారు. కొన్నిచోట్ల సరైనదే. ఎన్‌డీఎం అనే, చాలా యాంటీబయాటిక్స్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఉన్న క్రిమి, ఆ ఎంజైమ్‌తో అజ్‌ట్రియోనామ్ అనే మందును విరగ్గొట్టలేదు, కానీ దాని దగ్గరుండే వేరే ఎంజైములు విరగ్గొడతాయి. వాటిని ఆపడానికి అవిబాక్టామ్‌ను కాపలా పెడతారు. ఎవరు ఎవరికి కాపలానో తెలిసి కట్టిన జత అది. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌కు మెరోపెనెమ్ అనే ఇంకొకటి తోడిస్తే మేలని కూడా చాలామంది నమ్మారు. 2018లో 406 మంది రోగుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. వారిలో ఎక్కువమందికి సోకింది ఎసినెటోబాక్టర్ అనే మొండి బ్యాక్టీరియా. చికిత్స విఫలమైంది కొలిస్టిన్ ఒక్కటే ఇచ్చినవారిలో 79 శాతం, రెండూ ఇచ్చినవారిలో 73 శాతం. ఆ తేడాను గెలుపుగా లెక్కించడానికి లేదు.

ఉండి రైతుబిడ్డ:
రిపోర్టు వచ్చింది. ఈ-కోలి. సిప్రోకు లొంగలేదు, అమికాసిన్‌కు లొంగింది. మొదలుపెట్టిన ఇంజెక్షన్ అదే. నిన్న సాయంత్రం అమ్మ లేచి కూర్చుని పెరుగన్నం తింది.

పాలకొల్లు ఫార్మసిస్టు:
సంతోషం. అయినా రాత్రి పదింటికి జ్వరంతో వచ్చిన మనిషిని రిపోర్టు వచ్చేదాకా మూడు రోజులు ఆగమని ఎలా చెప్పమంటారు?

కాకినాడ మైక్రోబయాలజీ:
ఆగమని చెప్పకండి, డాక్టరు దగ్గరికి పంపండి. మొదటి డోసు పడకముందే శుభ్రమైన డబ్బాలో మూత్రం పట్టించమనండి. డోసు పడ్డాక పట్టిస్తే క్రిమి ఉన్నా కల్చర్‌లో పెరగకపోవచ్చు, అప్పుడు మాకూ దారి తెలియదు. ఇంకొక మాట. స్ట్రిప్పు కోసేటప్పుడు దయచేసి పేరున్న వైపు రోగికి ఇవ్వండి.